పదిహేనేళ్ల ఎస్ఎక్స్4 ఆర్సీ రెన్యువల్: పొల్యూషన్ దగ్గర రెండుసార్లు ఫెయిల్

ఆర్సీ వచ్చింది, ఇంకో ఐదేళ్లకు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. బండి 2010 మారుతి ఎస్ఎక్స్4, 1.6 లీటర్ పెట్రోల్, బీఎస్3 (పాత పొల్యూషన్ ప్రమాణం). ఊరు అనంతపురం.

కాగితాల పని చిన్నదే. ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, రూ.5,000 ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్‌లో లైట్లు, హారన్, బ్రేకు చూసి, ఛాసిస్ నంబరుకు పెన్సిల్ ప్రింట్ తీసుకున్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. బ్రోకరు అడిగిన మూడు వేలు దేనికో ఇప్పటికీ అర్థం కాలేదు.

పరువు పోయింది పొల్యూషన్ దగ్గర. బీఎస్3 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.5 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన పెట్రోల్) 750 పీపీఎం దాటకూడదు. నా బండికి సీఓ 1.9 వచ్చింది. వెనకాల ఆటోలు లైన్లో ఉండగా, "సార్, తూకానికేసేయండి దీన్ని" అన్నాడు గొట్టం పెట్టిన పిల్లోడు.

మెకానిక్ ప్లగ్గులు మార్చి, ఎయిర్ ఫిల్టర్ వేసి, త్రాటిల్ బాడీ కడిగినాడు. మళ్లీ పోతే 1.6. ఇంక పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాల్సిందే అన్నాడు. అది వేలల్లో మాట. పొల్యూషన్ టెస్ట్ ప్రింట్ సరిగ్గా చదివుంటే ప్లగ్గుల ఖర్చు కూడా మిగిలేది. హెచ్‌సీ లిమిట్ లోపలే ఉంది, అంటే మిస్‌ఫైర్ (పెట్రోల్ అంటుకోకుండా పోవడం) లేదు. సీఓ ఒక్కటే ఎక్కువంటే పెట్రోల్ ఎక్కువ పోతోందని. ఆక్సిజన్ సెన్సర్ మొద్దుబారినా, ఇంజెక్టర్ కారుతున్నా అట్లా అవుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అనుకున్నా అవుతుంది.

ఈసీయూ లెక్కలు చూపే స్కానర్ తగిలించి హైవేలో రాప్తాడు దాకా పోయి వచ్చినా. 80 స్పీడులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) 61 డిగ్రీలు! 85 నుంచి 95 మధ్య ఉండాల్సింది. హౌసింగ్ విప్పితే లోపల థర్మోస్టాటే లేదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది. ఏదో ఎండాకాలం బండి వేడెక్కిందని ఎవరో పీకేసినారు. మా సీమలో ఇదొక వైద్యం: "మన ఎండలకు ఇదెందుకన్నా" అని తీసి పారేస్తారు. నీళ్లు ఆగకుండా తిరుగుతుంటే ఇంజన్ వేడెక్కదు, ఈసీయూ చలికాలం పొద్దున స్టార్ట్ చేసినట్టు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఈ బండి పెట్రోల్ తాగుతుందని ఇన్నేళ్లు తిట్టుకున్నదాంట్లో సగం పాపం ఈ పీకుడుదే. స్కానర్ లేనివాళ్లు పది కిలోమీటర్లు నడిపి హీటర్ వేయండి. గోరువెచ్చని గాలే వస్తుంటే అనుమానించండి.

అప్పట్లో వేడెక్కడానికి అసలు కారణాలు రెండు: ఫ్యాన్ మోటారు నీరసం, రేడియేటర్‌లో బోరు నీళ్ల సున్నం. ఫ్యాన్ బాగుచేయించి, రేడియేటర్ కడిగించి, కొత్త థర్మోస్టాట్, గాస్కెట్ వేయించినా. థర్మోస్టాట్ వెయ్యి లోపే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బండి చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచితే గాలి బుడగలు పోతాయి. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు.

మూడోసారి ఇంజన్ ఆపకుండా లైన్లో నిలబడినా. క్యాటలిటిక్ చల్లారితే మంచి బండి కూడా ఫెయిలవుతుంది. సీఓ 0.2. పిల్లోడు ఈసారి ఏమీ మాట్లాడలేదు.

ఇక బండి సంగతి. టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు తెగే భయం లేదు. గ్రౌండ్ క్లియరెన్స్ 190 మిల్లీమీటర్లు, పల్లె స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదు. సీటు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లు సులువుగా ఎక్కి దిగుతారు. లోపాలూ ఉన్నాయి. ముందు అద్దం పక్క పిల్లర్లు లావు, మలుపులో బైకు కనబడదు. తక్కువ ఆర్పీఎంలో లాగుడు మందం. టౌన్‌లో మైలేజీ 9 నుంచి 11కి వచ్చింది, అంతకు మించి ఆశలేదు. సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకుల కటకట ఇంకా ఉంది, దాన్ని వచ్చే నెల చూడాల.