తీతువు అరిచాకే బయల్దేరాం

తీతువు అరిస్తే పయనం మానుకోవాలని మా నాయనమ్మ అనేది. ఆ లెక్కన పిట్టలు చూడ్డానికి బయల్దేరిన మా యాత్ర నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీదే ముగిసిపోవాలి. ఉగాదికి ఇంకా వారం ఉంది. తెల్లారి ఆరు కూడా కాలేదు. కారు దిగి పదడుగులు వేశామో లేదో, నెత్తి మీద గిరికీలు కొడుతూ రెండు తీతువులు ఒకటే అరుపు. చిన్నాయన మఫ్లర్ సర్దుకుంటూ, "ఆగు కొడుకా. అది ఊకనే తిడతలేదు. కాళ్ల కింద జూస్కో" అన్నాడు.

చూశాను. నా చెప్పుకి రెండు జానల దూరంలో, కంకరలో మూడు గుడ్లు. గూడు అనడానికి ఒక్క పుల్ల లేదు. నేలలో చిన్న గుంట, దాని అంచున ఎవరో ఏరి పేర్చినట్టు బఠాణీ గింజలంత గులకరాళ్లు. గుడ్లది మట్టిరంగు, వాటి మీద సిరా విదిలించినట్టు నల్ల మచ్చలు. సన్నటి కొసలు మూడూ లోపలివైపే తిరిగి ఉన్నాయి. ఓసారి తల తిప్పి మళ్లీ చూస్తే గుడ్లు లేవు, రాళ్లే ఉన్నాయి. కాసేపు వెతికితే తప్ప మళ్లీ దొరకలేదు. ఇంకో అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు ఝల్లుమంది.

వెనక్కి వచ్చి కారు చాటున కూర్చున్నాం. పది నిమిషాలకి ఆ పిట్ట దిగింది. దిగింది గూటి దగ్గర కాదు, చాలా దూరంగా. అక్కడి నుంచి నాలుగడుగులు ఉరికి, ఆగి, నేలను పొడుస్తున్నట్టు నటించి, మళ్లీ నాలుగడుగులు. ఏ సంబంధమూ లేని దానిలా అటూ ఇటూ చూసి, చివరికి కడుపు దగ్గరి ఈకలు విప్పుకుని గుడ్ల మీద కూలబడింది.

చిన్నాయన ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. రోడ్డు పక్క తీగల మీద, తుమ్మ చెట్ల మీద కనిపించే పిట్టలన్నీ ఆయనకు పేరు పేరునా తెలుసు. నా దగ్గర 8×42 బైనాక్యులర్, ఫోన్లో పక్షుల యాప్, నోట్లో అన్నీ ఇంగ్లీషు పేర్లు. ఆయన దగ్గర బడిపిల్లల నోట్‌బుక్కు, జేబులో పెన్ను. ఎవరి లెక్క వాళ్లు రాసుకోవాలని ముందే ఒప్పందం.

చెరువు దగ్గర పెద్దగా రాసుకునేదేం లేకపోయింది. వసంతంలో చెరువంటే పెళ్లయిపోయిన మర్నాటి పందిరి. చలికాలం వచ్చిన వలస బాతులు చాలావరకు వెళ్లిపోయాయి. దూరంగా పది పదిహేను సూదితోక బాతులు, ఇంకా మనసు రానట్టు నీళ్ల మీదే ఉన్నాయి. ఇక ఎప్పుడూ ఉండేవే: గుడ్డి కొంగలు, నీటికాకులు, బొల్లికోళ్లు, మెడ రిక్కించి నిలబడ్డ ఒక నారాయణ పక్షి. పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలని నీడను చూసి పోదామన్నాను. "నీడ యాడికి పోదు, వచ్చేటప్పుడు జూద్దాం. పిట్టలు పోతయి" అని చిన్నాయన కారెక్కాడు.

దేవరకొండ దాకా దారంతా బత్తాయి తోటలు, బండరాళ్ల గుట్టలు, కరెంటు తీగల మీద నల్లగా చీలిన తోకల పసులపోలిగాళ్లు. బర్రె వీపు మీద సవారీ చేసే ఈ పిడికెడు పిట్ట, గూడు పెట్టిందంటే గద్దని కూడా వెంటపడి తరుముతుంది. దాని అండ చూసుకుని గువ్వలు, పిగిలిపిట్టలు అదే చెట్టు మీద గూళ్లు పెట్టుకుంటాయి. "మా డిపోల కూడ ఉండె గిట్లాంటోడొకడు" అని చిన్నాయన అన్నాడు గానీ, ఎవరో చెప్పలేదు. డిండి దగ్గర చాయ్ తాగి, మధ్యాహ్నానికి మన్ననూరు చేరాం.

మన్ననూరు అమ్రాబాద్ టైగర్ రిజర్వుకి వాకిలి లాంటిది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇక్కడ శ్రీశైలం రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కలిపి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి ఇది. పచ్చటి అడవిని ఊహించుకుని ఈ కాలంలో వస్తే మాత్రం నిరాశే. మాఘం దాటాక ఇక్కడి చెట్లు ఆకు రాల్చేస్తాయి. అడుగేస్తే అప్పడాలు విరిగిన చప్పుడు. ఫొటోలు బాగా రావని చాలామంది వానల తర్వాతే వస్తారు. పిట్టలు చూడాలంటే మాత్రం ఇదే అదను. ఆకు లేదు కాబట్టి చాటు లేదు. పైగా ఆకు లేని కొమ్మల మీదే మోదుగ, బూరుగ విరగబూసి ఉంటాయి. తిండి ఎక్కడుందో అడవికంతా తెలుసు.

సాయంత్రం ఊరి చివర ఒక మోదుగ చెట్టుకి ఎదురుగా, రోడ్డు పక్క రాయి మీద రెండు గంటలు కూర్చున్నాం. నా జీవితంలో బాగా ఖర్చు పెట్టిన గంటల్లో అవి ఉంటాయి. మోదుగ పువ్వు చిలుక ముక్కులా వంగి ఉంటుందని, అందుకే సంస్కృతంలో కింశుకమని, "ఇది చిలుకా?" అని అర్థమని బళ్లో చెప్పారు. ఆ రోజు నిజంగానే ఏది చిలుకో ఏది పువ్వో తేల్చుకోలేకపోయాను. రామచిలుకలు పువ్వుల్ని తెంపి, మొదలు కొరికి, కింద పారేస్తున్నాయి. తేనెపిట్ట మగది, ఎండ తగిలినప్పుడల్లా నలుపులోంచి ఊదా మెరుస్తూ, పూల మొదట్లో ముక్కు గుచ్చుతోంది. ఇంతలో గులాబి గోరింకల మంద, నలభైకి తక్కువ ఉండవు, చెట్టు మీద వాలింది. తల నలుపు, ఒళ్లు లేత గులాబి. గోల చెప్పలేను, సంత కూడినట్టే. ఒక గోరింక మరీ దగ్గరి కొమ్మ మీదికి వచ్చింది. బైనాక్యులర్లో దాని ముఖం నిండుగా కనిపించింది. నల్లటి నుదుటి మీద పసుపు పొడి. తలంతా పువ్వులో దూర్చి తాగితే అంటుకున్న పుప్పొడి అది. బొట్టు పెట్టుకున్న పెళ్లికొడుకులా ఇంకో పువ్వు దగ్గరికి పోయింది. ఇంకొన్నాళ్లు ఇలా కడుపు నింపుకుని, ఎండలు ముదిరేలోపు మధ్య ఆసియా గడ్డిమైదానాలకి తిరిగి పోతాయి. అక్కడే వాటి గూళ్లు, పిల్లలు.

మర్నాడు పొద్దున ఫరహాబాద్. మా వెంట వచ్చిన గైడు చెంచు మనిషి. నలభై ఏళ్లుంటాయేమో, మాట తక్కువ. నిజాంల కాలపు వేటవిడిది ఉండేది ఇక్కడే. జీపులో పోతూ ఉండగా ఆయన "సార్, అగో" అనడం, అది ఎటు వైపో నాకు తెలిసేలోపు అది ఎగిరిపోవడం. నాలుగుసార్లు ఇదే జరిగాక ఆయనకే జాలేసింది. "కళ్లతోటి ఎతకకుర్రి. మొదలు ఇనుర్రి" అన్నాడు. ఎండుటాకుల్లో చరచరమంటే అడవికోడి అట. కొమ్మ మీద టకటకమని ఆగి ఆగి కొడితే వడ్రంగి పిట్ట. కంసాలి సుత్తె దెబ్బల్లా ఒకే దరువున టుక్ టుక్ టుక్ అంటే కంసాలి పిట్ట, అది పేరులోనే ఉంది.

నేను వచ్చింది పొన్నంగి పిట్ట కోసం. ఆరేడు రంగుల్లో, పొట్టి తోకతో, నేల మీద గెంతుతూ తిరిగే పిట్ట. కాస్త తొందరపడి వచ్చానని తెలుసు. ఆశ చావక అడిగితే గైడు నవ్వాడు. "ఇంకా టైం కాలే" అన్నాడు.

జీపు దిగి నడిచేటప్పుడు నేనొక తెలివి తక్కువ పని చేశాను. చుట్టూ చప్పుడు లేకపోయేసరికి ఫోన్లో అడవి గూబ కూత పెట్టాను. గూబ వచ్చిందనుకుని చిన్న పిట్టలన్నీ దాన్ని తరమడానికి పోగవుతాయి, అప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు. పక్షుల ఫొటోగ్రాఫర్లకి ఇది పాత చిట్కానే. నిమిషంలో వచ్చేశాయి కూడా. పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, తోకను విసనకర్రలా విప్పి ఆడే దాసరి పిట్ట. నేను సంబరంగా చిన్నాయన వైపు తిరిగాను. గైడు మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"బంద్ జెయ్యి సార్. గూబ అచ్చిందని గూట్లకెల్లి లేసి వస్తున్నయి. గుడ్లున్న టైం గిది."

ఫోన్ ఆపేశాను. పిట్టలు ఇంకా కాసేపు లేని గూబ కోసం కొమ్మ కొమ్మా వెతికాయి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేసిన రోజుల్లో, పిట్టను ఖాయంగా గుర్తుపట్టాలంటే కాల్చి చేతిలోకి తీసుకునేవాళ్లు, నేను చేసింది దానికన్నా నయమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దుబాటు కాలేదు. నా లిస్టులో ఆ చెట్టు దగ్గరి మూడు పేర్లూ కొట్టేశాను. చిన్నాయన చూశాడు గానీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

తిరిగి వస్తుంటే అడవి అంచున, చేను గట్టు మీది ఎండు చెట్టు మీంచి ఒక పాలపిట్ట లేచింది. దసరా నాడు దీన్ని చూడాలని ఊరి పొలిమేరల దాకా పోతాం. చూపించి డబ్బులడగడానికి కొందరు దీన్ని పట్టి పంజరాల్లో తిప్పుతారు, అది చట్టప్రకారం నేరం, చూసినవాడికి దక్కే పుణ్యం ఏమిటో నాకైతే అర్థం కాదు. దీన్ని చూడాల్సింది అసలు దసరాకి కాదు, ఇప్పుడు. కూర్చున్నంతసేపూ గోధుమరంగు ముద్ద. లేచిందా, రెక్కల్లో ముదురు సిరా నీలం, లేత ఆకాశ నీలం పట్టీలు పట్టీలుగా విచ్చుకున్నాయి. నిలువునా పైపైకి పోయి, తల కిందికి వంచి, గాలిలో అటొకసారి ఇటొకసారి పొర్లుతూ, గరగరమని అరుస్తూ కిందికి పడింది. నేల తగులుతుందనుకున్న చోట తేరుకుని మళ్లీ పైకి. జత కోసం చేసే విన్యాసం ఇది. ఆడపిట్ట పక్క చెట్టు మీద కూర్చుని, మన వైపు వీపు పెట్టి, పట్టించుకోనట్టు ఈకలు దువ్వుకుంటోంది.

"ముప్పై ఏండ్లు బస్సుల కెల్లి జూసిన" అన్నాడు చిన్నాయన. "ఆపి జూళ్లే ఎన్నడూ."

మూడో రోజు నల్లగొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కారులో ఏసీ వేసినా స్టీరింగ్ కాలుతోంది. ఇంటికి పోయి పడుకోవాలనుంది గానీ చిన్నాయన చెప్పకుండానే పానగల్లు వైపు తిప్పాను. ఈసారి దూరంగా ఆపి, అద్దం దించి బైనాక్యులర్ పెట్టాను.

గుడ్ల మీద పిట్ట లేదు. గుండె జారింది. కుక్కలు తిన్నాయేమో, బండి ఎక్కిందేమో. ఫోకస్ సర్దితే రాళ్ల మధ్య గుడ్లు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ కంకర మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండలో, నీడ లేకుండా.

"అగో, ఒడ్డుకి జూడు" అన్నాడు చిన్నాయన. తీతువు నీళ్లలో కాళ్లు మునిగేలా నిలబడి, ఒళ్లు కిందికి దించి, కడుపు ఈకల్ని తడుపుకుంటోంది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత ఎప్పటిలాగే ఏ సంబంధమూ లేని దానిలా వంకర టింకరగా నడిచి వచ్చి, గుడ్ల మీద నిలబడి, తడి కడుపు వాటికి ఆనేలా మెల్లగా కూర్చుంది. ఈకల చివర ఒక నీటిచుక్క వేలాడి, కంకర మీద పడి, చూస్తుండగానే ఆరిపోయింది.

చిన్నాయన నోట్‌బుక్కు తీసి మొదటి పేజీలో తీతువు అని రాసిన చోట, పక్కన 3 కొట్టేసి 4 వేశాడు. నేను ఇంకాస్త దగ్గరగా చూద్దామని కారు తలుపు తీయబోయాను. క్లిక్‌మన్న చప్పుడుకే మగపిట్ట ఎక్కడి నుంచో లేచి అరుపు అందుకుంది.

"పోదాం పా" అన్నాడు చిన్నాయన.