పత్తర్‌గట్టి రాతి వరండా

పిన్ని కూతురి పెళ్ళి బట్టల కోసం ఈ రోజు అందరం కలిసి హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళాము. చీరల ఎంపికలో నా అభిప్రాయానికి ఏపాటి విలువ ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు కనుక, దుకాణంలో పరుపుల మీద వాళ్ళు కుదురుకోగానే నాకూ బావగారికీ సెలవు దొరికింది. ఆయన సివిల్ ఇంజినీరు. చార్మినార్ దగ్గర మొదలుపెట్టి మూసీ వైపు, అంటే ఉత్తరంగా, మదీనా కూడలి దాకా నడుద్దామన్నది ఆయన ప్రతిపాదనే.

ఈ దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే అయినా, ఇందులో రెండు వేర్వేరు కాలాలు ఒకదాని మీద ఒకటి పరచుకొని ఉన్నాయన్న సంగతి చాలామంది గమనించరు. దారి గీసినది కుతుబ్ షాహీలు. హిజ్రీ వెయ్యవ సంవత్సరం మొదలైన 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు, ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఆధ్వర్యంలో దాని నాలుగు ముఖాలకూ ఎదురుగా నాలుగు రాచబాటలు వేశారు. పడమటి బాట గోల్కొండ వైపు, తూర్పు బాట మచిలీపట్నం రేవు వైపు సాగే వర్తక మార్గం. మేము నడిచినది ఉత్తరపు బాట. దాని మీద కొద్ది దూరంలోనే చార్‌కమాన్ అనే నాలుగు కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టె ఉన్నాయి. చార్మినార్ కమాన్, మఛ్లీ కమాన్, కాలీ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్ అని ఆ నాలుగింటికీ పేర్లు. పడమటి కమాను ఒకప్పుడు రాజప్రాసాదాలకు ద్వారం. ఆ ప్రాసాదాలు ఎప్పుడో పోయాయి, ద్వారం మాత్రం మిగిలింది. ఇప్పుడు దాని కింద ఆటోలు హారన్ కొట్టుకుంటూ దూరుతున్నాయి.

కమానుల లోపలి గోడకు చేయి ఆనించి చూశాను. రాయి, డంగు సున్నం, పైన గచ్చు పూత. పూత ఊడిన చోట లోపలి రాళ్ళు చిన్నవీ పెద్దవీ కలగలిపి పేర్చినవని తెలుస్తుంది. అందం అంతా సున్నపు పనివాడి చేతిలోనే ఉందన్నమాట. పగుళ్ళలో రావి మొక్క ఒకటి వేళ్ళూనుకుంది. దాన్ని పైపైన తుంచితే లాభం లేదనీ, వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తూ, లావెక్కేకొద్దీ రాళ్ళను ఎడంగా నెడుతుందనీ బావగారు చెప్పారు. సిమెంటు మెత్తి పగులు మూసేస్తే ఇంకా ప్రమాదమట: సున్నపు గోడ చెమ్మను పీల్చుకొని బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారిని మూసేస్తుంది, లోపల నిలిచిన చెమ్మ చివరికి గచ్చును పెళ్ళలుగా ఊడదీస్తుంది.

మఛ్లీ కమాను దాటగానే కాలం మారిపోతుంది. రెండు వైపులా వరుసగా రాతి కమానుల వరండాలు, వాటి మీద మేడ, ఒకే తీరు కిటికీలు. ఇదే పత్తర్‌గట్టి. దీన్నీ చార్మినార్ వయసుదే అనుకునే వాళ్ళు ఎందరో ఉన్నారు. రాయి కనబడితే చాలు, నవాబుల కాలం కన్నా ముందుకు తోసెయ్యడం మనకు అలవాటు. నిజానికి ఇది ఇరవయ్యో శతాబ్దపు కట్టడం, అది కూడా ఒక విపత్తు తరువాత కట్టుకున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో పైనున్న చెరువులు వరుసగా తెగి, నదికి రెండు ఒడ్డుల బస్తీలూ కొట్టుకుపోయి, వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. వరద మళ్ళీ రాకుండా చూసే పనికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు; ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ ఆలోచన నుంచి పుట్టినవే. ఊరిని తిరిగి కట్టే పనికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేశాడు. ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాలువలు వేయడం ఆ బోర్డు పనులు. పత్తర్‌గట్టి వరండాలు ఆ పనిలో భాగంగానే వచ్చాయి.

నాకు ఈ వీధిలో అన్నిటికన్నా నచ్చేది వరండా వెనుక ఉన్న లెక్క. కింద దుకాణం, పైన నివాసమో కార్యాలయమో, దుకాణం ముందు నీడ గల నడక దారి. వర్తకుడికి సరుకు తడవదు, ఎండిపోదు. కొనేవాడు మండుటెండలో కూడా నిలబడి బేరమాడగలడు. నడిచేవాడికి బండ్ల బెడద లేదు. వీధి ముఖమంతా ఒకే తీరున ఉండాలన్న కట్టడి కింద, ఎవరి దుకాణం వాళ్ళదే అయినా ముందుభాగం అందరిదీ అయింది. ఒక స్తంభం దగ్గర ఆగి చూస్తే, మనిషి భుజం ఎత్తు దాకా గ్రానైట్ రాయి నున్నగా, నల్లగా మెరుస్తోంది. దశాబ్దాలుగా రాసుకుపోయిన భుజాలు, ఆనుకున్న వీపులు చేసిన నునుపు అది. ఆ పైన మాత్రం ఉలి దెబ్బలు ఇంకా గరుకుగా, ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

అయితే ఆ వరండాలో నడక ఇప్పుడు అంత సులభం కాదు. బట్టల మూటలు, అత్తరు సీసాల బల్లలు, బురఖాలు తొడిగిన బొమ్మలు సగం దారిని ఆక్రమించాయి. పై అంతస్తు కిటికీలను ఫ్లెక్సీ బోర్డులు మూసేశాయి. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాళ్ళు పరిచి, పాదచారుల దారిగా మార్చిన పని మంచిదే. కాళ్ళ కింద అంత ఖర్చు పెట్టినవాళ్ళు తల పైకెత్తి ఆ బోర్డుల సంగతి కూడా చూసి ఉంటే బాగుండేది. వీధి అందం ఇక్కడ ఏ ఒక్క కమానులోనూ లేదు, వరుసలో ఉంది. వరుస కనబడకపోతే ఇది ఏ ఊళ్ళోనైనా ఉండే బజారు.

ఈ ముఖం వెనుక ఉన్న ఊరు వేరు. నిజాంల దగ్గర దివానులుగా పనిచేసిన సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీ ఇక్కడికి ఆనుకొనే ఉండేది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా మొదట తెరుచుకున్నది ఆ దేవిడీలోనే. 1968లో గానీ అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న చోటికి మారలేదు. ఇప్పుడు ఆ స్థలంలో హోల్‌సేల్ బట్టల అంగళ్ళు.

మదీనా కూడలి దాటి, మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్ళాము. ఇది కూడా మహమ్మద్ కులీ కట్టించినదే, లోపలి గోడల మీది రంగుల పెంకులు 1611 నాటివి. పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకులతో తీర్చిన అలమ్‌లు (మొహర్రం ఊరేగింపు ధ్వజాలు), తీగలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. గోడల కింది భాగానికి వచ్చేసరికి రంగు మొద్దుబారుతుంది, మెరుపు పోతుంది. 1908 వరద నీళ్ళు ఇక్కడికీ వచ్చి కింది పెంకులను ఊడదీశాయి. ఆ ఖాళీలో తరువాతి కాలంలో అదే నమూనాను రంగులతో చిత్రించారు.

“ఇప్పుడు అలాంటి పెంకులు చేయించవచ్చోయ్. ఆ రంగు పూత గీకేసి, కొత్తవి అతికిస్తే గోడంతా ఒక్కలా ఉంటుంది” అన్నారు బావగారు.

నేను ఒప్పుకోలేదు. ఈ పేటలో వరద తాకిన గుర్తు కంటికి కనబడే చోట్లు ఎన్నో లేవు. పత్తర్‌గట్టి ఆ గుర్తును పూర్తిగా కప్పేసి కొత్త ముఖం తొడుక్కుంది; ఇక్కడి చిత్రకారుడు మాత్రం పెంకు ఎక్కడ ఆగిందో, తన కుంచె ఎక్కడ మొదలైందో దాచలేదు. బావగారు అప్పటికి ఏమీ అనలేదు గానీ, తిరుగు దారిలో మూసీ మీది వంతెన నయాపూల్ వైపు చూపిస్తూ, నీటి మట్టం ఆషూర్‌ఖానా గోడ మీద ఎంత ఎత్తున ఉండి ఉంటే పెంకులు ఊడతాయో లెక్క కట్టడం మొదలుపెట్టారు.