అది పిచ్చుక కాదమ్మా

ఇక్కడ అమెరికాలో కంచె తీగ మీది పిట్టను చూపించి "అదుగో పిచ్చుక" అంటే, "పిచ్చుక కాదమ్మా, గ్రాస్‌హాపర్ స్పారో" అని ఠక్కున దిద్దుతారు పిల్లలు. ఉక్రోషం వస్తుంది గానీ మాట నిజమే. అమెరికా గడ్డినేలల స్పారోలది మన ఊరపిచ్చుక కుటుంబం కాదు. మన పిచ్చుకా ఇక్కడ ఉంది, అయితే అది 1850ల మొదట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలిన పరాయి పక్షి. ఇంత తెలిశాక కూడా "పోనీ, మిడత పిచ్చుక అను" అని బేరమాడేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

కాన్సాస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ గడ్డినేలల లాంటి చోట మే, జూన్ నెలల్లో పొద్దున్నే వెళ్తే మగపిట్ట కంచె మీదో, కలుపు మొక్క కొసనో కూర్చుని పాడుతుంది. ముందు ఆకారం చూడాలి. పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, చదునైన తల, ఒంటికి మించిన ముక్కు, పొట్టి తోక. నడినెత్తిన లేతరంగు చార, కంటిచుట్టూ తెల్లటి వలయం, కంటికి ముందు పసుపు మరక. రెక్క మడతలోనూ పసుపుంటుంది గానీ తరచూ ఈకల కింద దాగిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

అసలు గుర్తు రొమ్ము. ఎదిగిన పిట్టకు అది చారల్లేకుండా లేత గోధుమరంగులో ఉంటుంది. దీన్ని పోలిన సవానా స్పారోకైతే రొమ్ము నిండా చారలు. చాలామంది పొరబడేది వేసవి చివర్లో: గ్రాస్‌హాపర్ స్పారో పిల్లలకూ రొమ్ము మీద చారలుంటాయి, చూడగానే సవానా అని రాసేసుకుంటారు. అప్పుడు మళ్లీ తలా ముక్కూ చూడాలి, సవానా ముక్కు చిన్నది. ఇలాంటిదే మరో పిట్ట, హెన్‌స్లో స్పారోకూ చదును తలే, చారల రొమ్మే, కానీ ముఖం ఆకుపచ్చ ఛాయలో, రెక్కలు ఇటుకరంగులో ఉంటాయి.

గూడు నేలమీదే, గడ్డి కప్పుతో ఉంటుంది. అందుకని బాట దిగకూడదు.

ఈ గుర్తులన్నీ తెలుగులో చెప్పించాలని నా పంతం. కంటి పైనుండే చారను "కనుబొమ్మ గీత" అంటే "పిట్టకి కనుబొమ్మలా?" అని నవ్వుతారు. పాఠం ముగిసేలోపు పిట్ట గడ్డిలోకి దూకేస్తుంది, దూకాక ఎలుకలా పరిగెడుతుంది తప్ప పైకి రాదు.

పాట "టిక్, టిక్" అని మొదలై సన్నటి మిడత రొదగా సాగుతుంది. దాదాపు 8,000 హెర్ట్జ్ శ్రుతి కాబట్టి వయసు మళ్లిన చెవులకు తరచూ అందదు. పిల్లలు "పాడుతోంది" అంటారు, మనకు తెరిచిన ముక్కు మాత్రం కనిపిస్తుంది. దిద్దే హక్కు అక్కడ ఎవరిదో నాకు ఇంకా తేలలేదు. వాళ్లు వేలు చూపిన వైపు బైనాక్యులర్స్ తిప్పుతున్నాను.