రోగి పక్కన కూర్చునేవారికి బుద్ధుడు చెప్పిన ఐదు గుణాలు

యో భిక్ఖవే మం ఉపట్ఠహేయ్య, సో గిలానం ఉపట్ఠహేయ్య.

"భిక్షువులారా, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి." బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో, మహావగ్గ అనే భాగంలోని మాట ఇది. బుద్ధ పూర్ణిమకు ఆసుపత్రుల్లో పండ్లు, రొట్టెలు పంచేవాళ్లు చాలామందికి ఇంతవరకు తెలుసు. ఆ వెనకే రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన ఐదు గుణాలు వరసగా చెప్పారు. క్యాన్సర్ వార్డులో అటెండెంటుగా ఉండేవాళ్లకు పనికొచ్చేది అదే.

సందర్భం తెలిసిందే. అతిసారం పట్టిన ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నీకు ఎవరూ లేరా అని బుద్ధుడు అడిగితే, నేనెవరికీ ఏ పనీ చేసిపెట్టలేదు, అందుకే నన్నెవరూ చూడరన్నాడు. బుద్ధుడి శిష్యుడు ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తర్వాత ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ధర్మోపదేశం ఆ తర్వాతే, అదీ రోగికి కాదు, అతన్ని పట్టించుకోని మిగతా భిక్షువులకు.

మందు సిద్ధం చేయగలగడం మొదటి గుణం. ఏది పడుతుందో ఏది పడదో తెలిసి, పడేది తేవడం, పడనిది తీసేయడం రెండోది. లాభం కోసం కాక మైత్రితో చేయడం మూడోది. మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తడానికి అసహ్యించుకోకపోవడం నాలుగోది. సమయం చూసి మంచి మాటలతో మనసుకు ఊరటనివ్వడం ఐదోది. ఆధ్యాత్మికం అనగానే మనం నేరుగా ఐదోదానికి వెళ్లిపోతాం.

భక్తి ఎక్కువున్న ఇళ్లలో ఎక్కువగా దెబ్బతినేది రెండో గుణం దగ్గరే. చాలా కీమో మందులకు, ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో గుడి నుంచి తెచ్చిన తీర్థం, పచ్చిపాలతో చేసిన పంచామృతం, కడగని తులసి, తాజా పూలు ఇన్ఫెక్షన్‌కు దారి కావచ్చు. కాచి చల్లార్చిన నీళ్లనే దేవుడి ముందు పెట్టి చెంచాడు ఇవ్వండి. నోరు పూసిన మనిషికి పులిహోర ప్రసాదం నిప్పులాంటిది, కళ్లకద్దుకుంటే చాలు. రేడియేషన్ పడే చోట విభూతి, కుంకుమ, గంధం రాయకూడదు, చర్మం మీద వేసిన గుర్తులు చెరపకూడదు. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరొత్తి అస్సలు వద్దు. పొగ లేకపోయినా ఘాటు వాసనకే కొందరికి వాంతులవుతాయి. ఇక జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే మొక్కులూ, ఇంట్లో ఉన్న జ్వరం బిళ్లా పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మూడో గుణానికి సాధన కావాలి. ఐదో శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు రాసిన సాధన గ్రంథం విశుద్ధిమగ్గలో మైత్రీ ధ్యానం తనతో మొదలవుతుంది, కరుణా ధ్యానం బాధలో ఉన్న మనిషితో మొదలవుతుంది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టిబెటన్ బౌద్ధ పండితుడు గెషె లోబ్సాంగ్ తెన్‌జిన్ నేగీ రూపొందించిన కరుణ శిక్షణలో దీనికి ముందు ఇంకో మెట్టుంది: మనల్ని ఎవరో ఆదుకున్న ఒక సందర్భాన్ని తలుచుకోవడం. రెండూ కలిపి ఇంటి దగ్గర పది నిమిషాలు ఇలా చేయవచ్చు. రెండు నిమిషాలు ఊపిరిని గమనించడం. ఇంకో రెండు నిమిషాలు, జ్వరంలో నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి లాంటి జ్ఞాపకమేదైనా. తర్వాత మూడు నిమిషాలు రోగి ముఖం తలుచుకుని, "ఈ బాధ నుంచి బయటపడాలి" అని నెమ్మదిగా అనుకోవడం. మిగిలిన సమయం పక్క మంచం మనిషికి, రాత్రి డ్యూటీ నర్సుకు, చివరికి నిన్న కసిరిన ఆయమ్మకు.

ఇది ఎక్కడ చెడుతుందో బుద్ధఘోషుడే చెప్పాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం, దగ్గరి శత్రువు శోకం. క్రూరత్వాన్ని ఎవరైనా గుర్తుపడతారు. శోకం మాత్రం కరుణ వేషంలో వస్తుంది. ధ్యానంలో గుండె బరువెక్కి, "నాకూ ఇలాగే వస్తే?", "ఈయన పోతే నా గతేంటి?" అన్న ఆలోచనలు తిరుగుతున్నాయంటే మనసు రోగిని వదిలి మన దగ్గరికి వచ్చేసిందన్నమాట. కళ్లు తెరిచి, అరికాళ్ల కింద నేలను గమనించి, మళ్లీ ఊపిరి దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఎదుటివారి బాధను ఊపిరితో లోపలికి తీసుకునే టిబెటన్ పద్ధతిని కొత్తవాళ్లు వార్డులో చేయకపోవడమే మంచిది. వార్డు తలుపు దగ్గర శానిటైజర్ రుద్దుకునే ఇరవై, ముప్పై సెకన్లు ఎలాగూ ఉన్నాయి, అవి మూడు ఊపిరులకు సరిపోతాయి.

రోగి చేత ధ్యానం చేయించాలంటే జాగ్రత్తలు వేరు. ముందు నొప్పి తగ్గాలి. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, సుమారు నాలుగు గంటలు ఉంటుంది. ఆ మధ్యలో ఐదు నిమిషాలు చాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయాసపడేవాళ్లను ఊపిరి చూడమంటే భయం పెరుగుతుంది. చేతిలో జపమాల స్పర్శనో, ఫ్యాను చప్పుడునో చూడమనండి. పాదాల నుంచి తల దాకా ఒళ్లంతా గమనించే పద్ధతి రొమ్ము తీసేసినవాళ్లకు, పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లకు గాయం దగ్గరే ఆగిపోతుంది. వికారంగా ఉంటే కళ్లు మూయమనకండి.

ఐదో గుణంలో "సమయం చూసి" అన్న షరతు ఉంది, దాన్ని మర్చిపోకూడదు. కుర్చీ లాక్కుని, కళ్లు సమాన ఎత్తులో ఉండేలా కూర్చోండి. "పది నిమిషాలుంటానండీ, మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చుంటా" అంటే చాలామంది తేలికపడతారు. కాస్త ఆగి, "కష్టమొచ్చినప్పుడు మీకు దేంతో ధైర్యం వస్తుంది?" అని అడగండి. జవాబు వెంకన్న కావచ్చు, ప్రభువు కావచ్చు, నమాజు కావచ్చు, మనవరాలు కావచ్చు. వాళ్లు చెప్పినదాన్నే అందుకోవాలి, మన పుస్తకం తీయకూడదు. నమాజు అంటే పడక తిప్పించగలమా, పాస్టరుగారు కావాలంటే లోపలికి రానిస్తారా అని సిస్టరుతో మాట్లాడటం కూడా ఆధ్యాత్మిక సేవే.

"నేనేం పాపం చేశాను?" అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. పూర్వజన్మ కర్మ అని చెప్పే బంధువొకరు ఈపాటికే వచ్చి వెళ్లి ఉంటారు. బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు, అంతా పూర్వకర్మేనా అని అడిగితే బుద్ధుడు బాధలకు ఎనిమిది కారణాలు చెప్పాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, మూడూ కలవడం, ఋతువు మార్పు, పథ్యం తప్పడం, దెబ్బ తగలడం, ఎనిమిదోది కర్మఫలం. అన్నిటికీ పూర్వకర్మే కారణమనేవాళ్లు తెలిసినదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారన్నాడు. అలాగని ఈ జాబితా మంచం దగ్గర చదవకండి, అది మన నోరు అదుపులో ఉండటానికి. రోగితో "ఈ ఆలోచన ఎప్పట్నుంచి బాధపెడుతోందండీ?" అంటే చాలు, తర్వాత వినడమే పని.

మనిషిని ఎత్తి పక్కకు తిప్పాలంటే ఇద్దరుండాలి, ఒంటరిగా ప్రయత్నిస్తే మీ నడుమూ పోతుంది, సెలైన్ సూదీ ఊడుతుంది. రాత్రీ పగలూ ఒక్కరే ఉండకుండా వంతులు వేసుకోండి. మారేటప్పుడు ఆఖరి మార్ఫిన్ ఎన్నింటికి ఇచ్చారు, విరేచనం ఎప్పుడైంది (మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం), ఈ పూట ఎవరి గురించి అడిగారు, ఈ మూడూ కాగితం మీద రాసి తర్వాతి మనిషి చేతికివ్వండి.