గాడిదకూ తెలిసిన సంగతి

తొమ్మిదో తరగతిలో నాకు కారణాంకాలు ఒక పాఠం, త్రిభుజ అసమానత్వం వేరే పాఠం. మొదటిదానికి నోటుబుక్కు నిండా లెక్కలు చేశాను. రెండోది అసలు చదవనేలేదు. ఏ రెండు భుజాలు కలిపినా మూడో భుజం కంటే ఎక్కువే ఉంటుంది, ఇందులో చదవడానికేముంది? గ్రీకు గణితవేత్త యూక్లిడ్ దీన్ని తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో 20వ ప్రతిపాదనగా నిరూపిస్తే, ఇది గాడిదకు కూడా తెలుసని తత్వవేత్త ఎపిక్యురస్ అనుయాయులు వెక్కిరించారట. గడ్డి కనిపిస్తే అది చుట్టూ తిరక్కుండా తిన్నగానే వెళ్తుంది కదా! యూక్లిడ్ పుస్తకానికి వ్యాఖ్యానం రాసిన ప్రోక్లస్ చెప్పిన ముచ్చట ఇది. అప్పట్లో నేనూ వాళ్ల పక్షమే.

ఎ, బి, సి త్రిభుజ భుజాలైతే 2ఎ²బి² + 2బి²సి² + 2సి²ఎ² − ఎ⁴ − బి⁴ − సి⁴ సున్నా కంటే పెద్దదని చూపమన్నారు. 3, 4, 5 వేశాను, 576 వచ్చింది. మరో రెండు త్రిభుజాలకు చూసి, నిరూపించాను అని రాసేశాను. మాస్టారు 1, 2, 4 వేయమన్నారు. −105 వచ్చింది.

“ఇవి త్రిభుజ భుజాలు కావు కదా సార్” అన్నాను.

“కావు. మరి ఆ సంగతి నీ నిరూపణలో ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. మళ్లీ మొదలుపెట్టాను. నాలుగో ఘాతాలు చూడగానే (ఎ² + బి² + సి²)² వైపే చెయ్యి పోయేది, విస్తరిస్తే గుర్తులు కలిసేవి కావు. 2ఎ²బి²ను 4ఎ²బి² − 2ఎ²బి²గా విడగొట్టవచ్చని తట్టడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆపైన అంతా జారుడుబండే. మొత్తం 4ఎ²బి² − (ఎ² + బి² − సి²)² అవుతుంది, అంటే రెండు వర్గాల భేదం. విడదీస్తే (ఎ + బి)² − సి² ఒకటి, సి² − (ఎ − బి)² ఇంకొకటి. అవీ వర్గాల భేదాలే.

రెండోదాన్ని విడదీస్తూ సి − ఎ + బి అని రాయాల్సిన చోట సి − ఎ − బి అని రాశాను. బ్రాకెట్టు ముందున్న మైనస్ నన్ను ముంచడం అదే మొదటిసారి కాదు. 3, 4, 5 వేస్తే 576 బదులు −192 వచ్చింది కాబట్టి దొరికిపోయాను. నిరూపణకు పనికిరాని ఆ సంఖ్యలు తప్పు పట్టడానికి పనికొచ్చాయి.

దిద్దాక మిగిలింది: (ఎ + బి + సి)(ఎ + బి − సి)(బి + సి − ఎ)(సి + ఎ − బి). చివరి మూడు బ్రాకెట్లనూ కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఒక్కొక్కటీ ఆ గాడిద సంగతే. త్రిభుజమైతే మూడూ ధనాత్మకం, లబ్ధమూ ధనాత్మకం.

తిరగేసి అడిగితే? లబ్ధం ధనాత్మకమైతే త్రిభుజం ఉన్నట్టేనా? రెండు బ్రాకెట్లు రుణాత్మకమైనా లబ్ధం ధనాత్మకమే కదా అని భయపడ్డాను. ఎ + బి − సి, బి + సి − ఎ రెండూ రుణాత్మకం అనుకుని కూడితే 2బి రుణాత్మకం కావాలి. పొడవు అలా ఉండదు. 2, 3, 5 వేస్తే సరిగ్గా సున్నా: త్రిభుజం చదునై గీతగా మారిపోయింది.

కొన్నాళ్లకు, మూడు భుజాల పొడవులతోనే త్రిభుజ వైశాల్యం కట్టే హెరాన్ సూత్రం పాఠం వచ్చింది. 3, 4, 5 త్రిభుజ వైశాల్యం 6. సూత్రాన్ని వర్గం చేసి హారాలు తీసేస్తే వైశాల్య వర్గానికి 16 రెట్లు, అంటే 36 × 16 = 576. ఈ సంఖ్యను ఎక్కడో చూశానే అనుకుంటూ పాత నోటుబుక్కు వెతికి తీశాను.