అది వేషం కాదమ్మా, నా లంగా

"అది వేషం కాదమ్మా, నా లంగా." గురువారం కార్నివాల్ అనే వేషాల పండగకి పట్టులంగా వేసుకుని బడికి వెళ్లమంటే, రెండో తరగతి చదివే మా అమ్మాయి అన్న మాట ఇది. బీరువాలో ఉన్నదే తీసి, జడగంటలు పెట్టి, "ఇండియా రాకుమారి" అనిపించి పంపితే ఖర్చు తప్పుతుంది, టీచర్లూ ముచ్చటపడతారు. జర్మనీలోని కొలోన్‌లో ఉండే మనవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచనే. ఇప్పుడు మాత్రం వద్దనే చెబుతాను.

వేషమంటే మనం కానిది కాసేపు కావడం. పగటి వేషాలు చూసి పెరిగిన మనకి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతికి కట్టుకునే బట్ట ఆ పిల్లకి వేషమెలా అవుతుంది? ఈకల కిరీటాల్లాంటివి, వేరే జాతుల బట్టలు వేషంగా వెయ్యొద్దని కొన్ని బళ్లు తల్లిదండ్రులకి ముందే చెబుతున్నాయి. అలాంటిది, మన బట్టని మనమే తీసుకెళ్లి ఆ వరసలో నిలబెట్టడం తప్పు. పైగా ఫిబ్రవరి వానలో జరీ అంచు తడిసి బురదలో ఈడుస్తుంది, చలికోటు వేస్తే లంగా కనపడనే కనపడదు.

నక్కో, ఎలుగుబంటో, ఏదో ఒక టోపీ ఉన్న బొచ్చు సూటు కొనండి. రెండు సైజులు పెద్దది తీసుకుంటే కోటు మీద నుంచే తొడగొచ్చు. అంచు చీలమండ పైన ఆగాలి, లేకపోతే మెట్ల మీద తట్టుకుంటారు. ముసుగు వద్దు. ఊపిరికి లోపలంతా తడుస్తుంది, పక్కన ఏముందో కనపడదు. ముఖానికి నీళ్లతో కడిగితే పోయే రంగు చాలు. ముందురోజు సాయంత్రం మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. స్పాంజిని గట్టిగా పిండి అద్దాలి, నీళ్లు ఎక్కువైతే రంగు చారలు కడుతుంది.

నవంబర్ 11న 11 గంటల 11 నిమిషాలకి సీజన్ మొదలైనా, వీధి పండగ మాత్రం ఈస్టర్‌కి 52 రోజుల ముందు వచ్చే గురువారమే. 2027లో అది ఫిబ్రవరి 4. ఆ రోజు ఆడవాళ్లదే రాజ్యం, మగవాళ్ల టైలు కత్తిరిస్తారు. నాన్నలు పాత టై కట్టుకెళ్లడం మంచిది. పెద్ద ఊరేగింపు 8న, సోమవారం. మొదటిసారి అది జరిగింది 1823లో. పిల్లల బడులూ ఊళ్లోని పేటలూ నడిపే ఆదివారం ఊరేగింపు చిన్నపిల్లలకి ఇంకా నయం. "కామెలె" అని అరిస్తే మిఠాయిలు విసురుతారు. గుడ్డసంచి పట్టుకెళ్లండి. బండి చక్రాల దగ్గర పడింది ఎంత మంచిదైనా ఏరనివ్వకండి. ఇక్కడ పండగ కేక "అలాఫ్", "హెలావ్" పక్క ఊరు డ్యుసెల్‌డార్ఫ్ వాళ్లది.

ఇంటికొచ్చాక సంచి బల్ల మీద బోర్లించి, వెనక రాసింది చదివి, పంది జెలటిన్ ఉన్న జిగురు మిఠాయిలు వేరుచేస్తాను. పుట్టినరోజు పార్టీల్లో తిన్నవాటిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నా నియమం మా గుమ్మం లోపలే పనిచేస్తోందని పిల్లకి ఎప్పుడో అర్థమైంది.

ఈ రోజుల్లో ఇక్కడ వేయించే ముట్సెన్‌మాండెల్న్ మన తీపి గవ్వలకి చుట్టాల్లాంటివి. 250 గ్రాముల మైదా, 50 గ్రాముల బాదంపొడి, 75 చక్కెర, 75 వెన్న, రెండు గుడ్లు, ఒక చెంచా బేకింగ్ పౌడర్. కలిపిన ముద్దని గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ ఓపిక లేక, అంటుకుంటోందని మైదా చల్లుతూ పోతే రాళ్లలా వస్తాయి. బాదంగింజంత ముక్కలు చేసి 170 డిగ్రీల నూనెలో వేయించి, వేడి మీదే చక్కెర పొడిలో దొర్లించాలి. నూనె కాగకపోతే పీల్చుకుంటాయి, మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. బయట కొనేటప్పుడు పంది కొవ్వులో వేయించారా అని అడగండి. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో ఒకప్పుడు గుడ్లు, కొవ్వు నిషిద్ధం. అందుకే ఇంట్లో ఉన్నవి ఖర్చుచేసే వంటలివి. మన కథోలికులు విభూది బుధవారం అనే రోజుతో ఇవన్నీ ఆగిపోతాయి.

దానికి ముందురాత్రి, నుబ్బెల్ అనే గడ్డిబొమ్మ మీద ఊరి తప్పులన్నీ మోపి కాల్చేస్తారు. మన కాముని దహనం గుర్తుచేసి చెబితే పిల్ల శ్రద్ధగానే వింది. అంతా విని, "మరి దీపావళికి బడిలో అందరికీ చూపించడానికి లంగా వేశావు కదా, అప్పుడది వేషమేనా?" అంది.

కాదన్నాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఆ రోజు కూడా పిల్ల సరదా కన్నా, నలుగురూ చూసి మెచ్చుకోవాలన్న నా కోరికే ఎక్కువేమో. "మీ దేశం బట్టల్లో రండి" అని బడి నుంచి మళ్లీ చీటీ వస్తే ముందు తననే అడుగుతాను. వద్దంటే టీచరుకి ఏమని రాయాలో ఇంకా తోచలేదు.