గోలీ మానేసిన తొమ్మిది రోజులు

బిడ్డకు రెండేళ్లు నిండినయి. ఇప్పుడు రాయబుద్ధి అయితున్నది.

2023 సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు హన్మకొండల షుగర్ పరీక్ష చేసిన్రు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తే 171 వచ్చింది. 140 వస్తేనే గర్భిణికి షుగర్ ఉన్నట్టు లెక్క. అత్తమ్మ ఆ రోజే నా చాయ్‌ల చక్కెర బంద్ చేసింది. సద్దుల నాడు మలీద ముద్దలు అందరికి పంచిన, నేను మాత్రం ముట్టలే. జొన్న రొట్టె తిన్నా పరగడుపు షుగర్ 95 కిందికి దిగకపోయేసరికి మెట్‌ఫార్మిన్ 500 గోలీలు రాసిన్రు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

నెల రోజులు బాగనే నడిచింది. ఒక పెండ్లిల మా దూరపు చుట్టం, మందుల షాపు ఆయన, పూరీ నములుకుంట "ఆ గోలీ కడుపుల బిడ్డకు పోతది, తెల్సా? ఇన్సులిన్ అయితే పోదు" అన్నడు. అబద్ధమేం కాదు. మెట్‌ఫార్మిన్ మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతది. కానీ మానేస్తే ఏమైతదో ఆయన చెప్పలే, నేను అడగలే. ఇంట్ల ఎవ్వరికీ చెప్పకుండ తొమ్మిది రోజులు మానేసిన. పరగడుపు షుగర్ 118కి ఎక్కింది. గోలీలు మళ్ల మొదలుపెట్టి, రాత్రిపూట ఇన్సులిన్ సూది కూడ కలిపిన్రు.

డాక్టరమ్మ బాగా తిట్టింది. తిట్టినంక చీటీ వెనుక పెన్నుతో గొట్టం బొమ్మ గీసింది. "రక్తనాళం లోపల ఒక్క కణం మందాన పొర ఉంటది. నాళాన్ని వదులుగ ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ ఆ పొరలనే తయారైతది. చక్కెర ఎక్కువైతే పొర దెబ్బతిని నాళం బిగుసుకుంటది. నీ గుండెకైనా, బిడ్డ మాయకైనా రక్తం వచ్చేది నాళాల నుంచే కదా" అన్నది. ఆ బొమ్మ మొదటి రోజే గీస్తే నేను గోలీ మానకపోదును. ఆ కోపం ఇంకా పోలేదు. అట్లని గీసి చెప్పింది కూడ ఆమె ఒక్కతే.

డిసెంబర్ల, 35వ వారం. పొద్దుగూకినప్పటి నుంచి తల పగులుతున్నది, పైకడుపుల కుడిదిక్కు పట్టేసినట్టున్నది. దవాఖానకు ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్నాయన "నెలలు నిండుతుంటే తలనొప్పి మామూలే మేడం, పారాసిటమాల్ వేసుకొని పండుకోండి" అన్నడు. వేసుకున్న, పండుకున్న. పన్నెండున్నరకు లేచి గోడ గడియారం చూస్తే ముండ్లు కనబడలే, అన్నీ మెరుపులే. ఇంకో దవాఖానకు ఉరికినం. బీపీ 172/114.

ఫిట్స్ రాకుండ మెగ్నీషియం ఎక్కించిన్రు. ఒళ్లంత లోపలి నుంచి కాలినట్టయింది. నర్సు అక్క మాటిమాటికి వచ్చి మోకాలి కింద కొట్టి చూసేది. కాలు ఎగిరితే "ఆ, ఎగిరింది" అని రాసుకొని పోయేది. ఆ అక్క పేరు కూడ అడగలేదు, ఇప్పటికీ బాధైతది. తెల్లారేదాక నా మనసుల ఒక్కటే లెక్క, తొమ్మిది రోజులు. బయట వరండాల అత్తమ్మ "కోడలు, బిడ్డ బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని సమ్మక్కకు మొక్కిందట. మేడారంల బంగారమంటే బెల్లమే కదా. చాయ్‌ల చెంచా చక్కెర వెయ్యనియ్యని మనిషి!

మర్నాడు ఆపరేషన్ చేసి 2 కిలోల 150 గ్రాముల ఆడపిల్లను తీసిన్రు. ఐదు రోజులు పెట్టెల ఉంచిన్రు.

డిశ్చార్జి నాడు పెద్ద డాక్టర్‌ను అడిగిన, "గోలీ మానేసినందుకేనా సార్ ఇదంత?" కాదన్నడు. ఈ బీపీకి బీజం మొదటి నెలల్ల, మాయ కుదురుకునేటప్పుడే పడుతదట. ల్యాబ్‌ల మాయ ముక్కల మీద చూస్తే మెట్‌ఫార్మిన్ నాళాలను చెడగొట్టే ప్రొటీన్లను తగ్గించింది గానీ, అది మనుషులల్ల ఈ బీపీని ఆపుతదని ఇంకా రుజువు కాలేదన్నడు. 2008ల వచ్చిన ఒక పెద్ద అధ్యయనంల 751 మంది గర్భిణులను చూసిన్రట. గోలీ వాడినోళ్లకు, సూది వాడినోళ్లకు బీపీల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గోలీ వాడినోళ్లల్ల దగ్గరదగ్గర సగం మందికి చివరికి ఇన్సులిన్ కూడ కావాల్సి వచ్చింది. ఆ మాట విన్నంక ఏడ్చిన. సూది పడ్డది నా పాపానికే అని అప్పటిదాక అనుకుంటున్న మరి.

తలనొప్పి, కండ్ల ముందట మెరుపులు, పైకడుపు నొప్పి వస్తే ఫోన్ల అడగకుండ్రి, పోయి బీపీ చూపిచ్చుకోండ్రి. కాన్పుతోని షుగర్ పోయిందని ఊకోకుండ్రి. ఆరు వారాలు దాటినంక మళ్ల అదే గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలె. షుగర్, బీపీ రెండూ వచ్చిన ఆడోళ్లకు తర్వాత గుండె జబ్బు ముప్పు ఎక్కువ, అందుకే నేను ఏటా చూపిచ్చుకుంటున్న.

నాకు ఆ పరీక్షల రెండు గంటలకు 126 వచ్చింది, షుగర్ లేనట్టే. వారానికి, 2024 ఫిబ్రవరిల, జాతర. బెల్లం దుకాణంల కాంట మీద కూసుంటే 61 కిలోలు తూగిన. అత్తమ్మ ఒప్పుకోలే. "మొక్కిన నాడు ఎంతున్నవో అంత ఇయ్యాలె" అని, దవాఖాన కేస్ షీట్ సంచిల నుంచి తీసి దుకాణపాయనకు చూపెట్టి, 68 కిలోలు కట్టించింది.